వెచ్చని చోట పెట్టిన సీసాలు

పోయిన వారం మనం భువనను సింగపూర్ సైన్స్ పార్క్‌లోని లాబ్‌లో, సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. వారం నుంచి పాపం అలాగే నిలబడి ఉంది. సీసాలోంచి అమ్మోనియా ఘాటు రావాలి. రాలేదు. ఇక రాదని మీలో చాలామంది అప్పుడే పసిగట్టేశారు. ఆవిడకి మాత్రం ఇంకొంచెంసేపు పట్టింది.

ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. భువన బాక్టీరియా మీద పనిచేసే మనిషి. ఆ మధ్య ఒక విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళ ఓడెక్కి, భూమికి అట్టడుగున ఉన్న ఒక మంచు దీవికి వెళ్ళి, పెంగ్విన్లు తరతరాలుగా రెట్టలేసిన మట్టిని తెచ్చింది. ఆ మట్టిలో ఉండే బాక్టీరియా గడ్డకట్టే చలిలో కూడా రెట్టను తిని ఎరువు చేస్తుంది. మన దగ్గర కోళ్ళ పెంట ఎండకి దానంతటదే చివుకుతుంది కాబట్టి దీని విలువ మనకి తెలియదు. చలిదేశాల్లో శీతాకాలమంతా ఆ కుప్పలు కదలవు, మెదలవు. అందుకే భువన కంపెనీ యజమాని సుధాకరరావు గారు ఒక చలిదేశపు పెట్టుబడిదారులను పట్టారు. శుక్రవారం నాడు వాళ్ళ కళ్ళెదుట ఆ బాక్టీరియా చలిలో పనిచేసి చూపించాలి. చూపిస్తే భువనకి లాబ్ ఉంటుంది. లేకపోతే ఉండదు.

ఉండకపోతే ఆ గదిలో ఏమొస్తుందో కూడా చెప్పనా? కంప్యూటర్ సర్వర్లు. పేరు చివర డాట్ కామ్ అని తగిలిస్తే చాలు, ఎదురొచ్చి హారతి పట్టే కాలం ఇది. సుధాకరరావు గారు మొన్నమొన్నటిదాకా బిల్డింగులు కట్టేవాళ్ళకి మట్టి పరీక్షలు చేసిపెట్టేవారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎరువు అమ్ముతానంటున్నారు. పోయిన డిసెంబరులో, భువన రెండోసారి ఓడలో ఉండగా, లాబ్‌లోని చలిగదిని ఖాళీ చేసి సర్వర్లు పెట్టేశారు. గోడలు మందం, ఏసీ ముందే ఉంది, ఇంకేం కావాలి. ఆ సర్వర్లు పెట్టినవాడు ఎవరో కాదు, అదే కంపెనీలో కంప్యూటర్లు చూసే భువన మొగుడు శ్రీనాథే. చలిగదిలో ఉన్న పెళ్ళాం బాక్టీరియా సీసాలు పారేయలేక ఐసుపెట్టెలో సర్దుకుని టాంపినీస్‌లోని తమ ఫ్లాట్‌కి తీసుకొచ్చాడు. ఇప్పుడు మిగిలినవి ఆ సీసాలే. మట్టి మొదటి ఏడాది పరీక్షలకే అయిపోయింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఓడ మంచులో ఇరుక్కుంది. దీవి ఎదురుగా కనబడుతూనే ఉంది, దిగడానికి దారి లేదు. భువన ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఉత్త చేతులంటే నిజంగా ఉత్తవి కూడా కావు, కుడిచేతి రెండు వేళ్ళ కొసలు చలికి స్పర్శ పోగొట్టుకుని వచ్చాయి.

అదీ సంగతి. ఇక సీసా దగ్గరికి వద్దాం.

"నో స్మెల్ లా, భువనా" అంది మే లింగ్, పక్క బల్ల దగ్గర పనిచేసే చైనీస్ అమ్మాయి, ఈ ఊరి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి. ఆ పిల్ల మంచిది, గొంతు తగ్గించి చెప్పింది. "బయట బెంచీ మీద సేమ్ బాటిల్, వెరీ స్ట్రాంగ్. లోపల పెట్టింది, నథింగ్."

లోపల అంటే కొత్తగా కొన్న కోల్డ్ ఇంక్యుబేటర్. ఫ్రిజ్‌లో ఎంత చలి ఉంటుందో అంత చలిని కదలకుండా పట్టి ఉంచే పెట్టె. భువన సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. వేసిన తెల్లపొడి వేసినట్టే అడుగున పేరుకుని ఉంది. పక్షి రెట్టలో తెల్లగా కనబడేది అదే, యూరిక్ ఆమ్లం. దీవి నుంచి తెచ్చిన బాక్టీరియా దాన్ని మెట్టుమెట్టుగా విరిచి, చివరికి అమ్మోనియా చేసి వదులుతుంది. ఈ సీసాలో ఒక్క మెట్టు కూడా దిగినట్టు లేదు.

బెంచీ మీద, అంటే గది వెచ్చదనంలో బల్ల మీద ఉన్న సీసాలో మాత్రం పొడి పూర్తిగా కరిగిపోయింది. మార్చిలో తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అంతే. చలిగది లేదు కాబట్టి బెంచీ మీదే పెట్టి పనిచేసింది. చేసిన ప్రతి పరీక్షా ఘనంగా వచ్చింది, ఏ రోజు వేసిన పొడి ఆ రోజే మాయం. సుధాకరరావు గారు చప్పట్లు కొట్టారు. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

భువనకి ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. సీసా మూత బిగించి, దాని మీద తేదీ రాసి, చేతులు కడుక్కుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో ఆ రెండు వేళ్ళకి తెలియలేదు. ఈ మధ్య మిగతా ఒంటికి కూడా పెద్దగా ఏమీ తెలియడం లేదు. ఇంటికి తిరిగొచ్చిన రోజు కూతురు రజిత పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటే, ఈ పిల్ల ఎంత ఎదిగిందో అనుకుంది తప్ప ఇంకేమీ అనిపించలేదు. అలా అనిపించనందుకు సిగ్గు పడాలని తెలుసు. సిగ్గు కూడా రాలేదు.

"నేను ఇంటికి వెళ్ళొస్తాను" అంది మే లింగ్‌తో. ఇంకా సాయంత్రం కాలేదు.

సైన్స్ పార్క్ నుంచి బస్సు, ఆ తరవాత టాంపినీస్ దాకా ట్రైను. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి. భువనకి కూర్చోడానికి చోటు దొరికింది. ఎదుటి వరసలో టై కట్టుకున్న కుర్రాళ్ళు షేర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడకి దీవి గుర్తొచ్చింది. అక్కడ పెంగ్విన్లు గుంపుగా ఉండే చోట మట్టి గులాబీ రంగు బురదలా ఉంటుంది, కంపుకి కళ్ళు మండుతాయి. అక్కడ ఒక్క పచ్చటి మొక్క ఉండదు, రెట్ట అంత చిక్కన. కానీ గాలివాటున కొంచెం దూరం నడిస్తే, ఏ పక్షీ వాలని రాళ్ళ మీద నాచు పచ్చగా పరుచుకుని ఉంటుంది. మట్టిలో బాక్టీరియా విడిచిన అమ్మోనియాని గాలి మోసుకెళ్ళి ఆ నాచుకి తిండి పెడుతుంది. అంతా నిదానంగా, వేసవంతా పట్టేంత నిదానంగా జరుగుతుంది. ఆ నిదానం చూసే భువన ఆ దీవిని ప్రేమించింది.

అంత నిదానంగా తినేవి బెంచీ మీదికి వచ్చేసరికి పూటలో ఎలా ఊడ్చేస్తున్నాయి? ఈ ప్రశ్న మార్చిలోనే వేసుకోవలసింది. ట్రైను పాయా లేబర్ స్టేషను దాటుతుండగా వేసుకుంది.

ఇంట్లో అత్తగారు కమలాదేవి పాలు చల్లారాయో లేదో చిటికెనవేలు ముంచి చూస్తున్నారు. రజిత భోజనాల బల్ల దగ్గర హోమ్‌వర్క్ చేసుకుంటోంది. కమలాదేవిది కాకినాడ. కొడుకు దగ్గరికి వచ్చి చాలాకాలమైనా ఈ ఊరి పెరుగు మీద ఆవిడ ఫిర్యాదు తగ్గలేదు.

"ఇంత పెందలాడే వచ్చేసేవేంటమ్మా? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది అత్తయ్యా." భువన బ్యాగు కింద పెట్టలేదు. "నేను ఓడలో ఉన్నప్పుడు మా లాబ్ సీసాలు ఇక్కడ పెట్టారు కదా. ఫ్రిజ్‌లోనే ఉన్నాయా అన్నాళ్ళూ?"

కమలాదేవి ముఖం వెలిగింది. ఎవరైనా అడుగుతారేమోనని ఆవిడ ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టుంది. గిన్నె మీద మూత వేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, కుర్చీ లాక్కున్నారు.

"ఫ్రిజ్‌లో ఓ వారం ఉన్నాయంతే. కూరలన్నీ తీయించి కింద అర మొత్తం వాటికే ఇచ్చేను. మా శీను ఏం చెప్పేడూ, 'అమ్మా, ఇవి బతికుంటే ఘాటు వాసనొస్తుంది' అన్నాడు. రోజూ మూత తీసి చూసేదాన్ని. వాసనా లేదు, పాడూ లేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. నాకు గుండె జారిపోయిందనుకో."

"చలిలో అవి అలాగే ఉంటాయి అత్తయ్యా. నిదానం వాటికి."

"నాకేం తెలుసమ్మా? నువ్వు అక్కడ మంచులో ఉన్నావు, ఫోను లేదు, కబురు లేదు. ఓడ ఇరుక్కుందని టీవీలో కూడా చెప్పేరు. ఇక్కడ నీ సీసాలు చూస్తే చల్లబడి పడున్నాయి. నా మనసు కీడు శంకించింది." కమలాదేవి గొంతు తగ్గించారు, మనవరాలు వింటుందని. "ఇవి పోతే నువ్వు కూడా... ఛ, ఆ మాట అనకూడదు. పాలు తోడుకోకపోతే ఏం చేస్తాం? వెచ్చని చోట పెడతాం కదా. తీసుకొచ్చి రైస్ కుక్కర్ పక్కన పెట్టేను."

భువన అప్పుడు కూర్చుంది.

"రెండ్రోజులకి ఒక సీసా మూత తీద్దును కదా, ముక్కు అదిరిపోయింది. నా ప్రాణం లేచొచ్చిందమ్మా. దేవుడికి కొబ్బరికాయ కొట్టేను."

"ఒక్క సీసాయేనా?"

"ఒక్కటే. మిగతావి ఉలుకూ పలుకూ లేవు. అందుకని ఆ మంచిదాంట్లోంచి గరిటెడు తీసి వాటికి తోడు పెట్టేను. ఊరికే పెట్టేననుకున్నావా, పాత నీళ్ళు పారబోసి, సీసాలు సలసల కాగే నీళ్ళతో తొలిచి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, నువ్వు డబ్బాలో దాచుకున్న ఆ తెల్లపొడి చెంచాడు వేసి. రోజు విడిచి రోజు. నువ్వు వచ్చేదాకా ఒక్కసారి తప్పలేదు."

"పాతవన్నీ పారబోశారా?"

"మరి? చచ్చినవాటిని ఉంచుకుని ఏం చేసుకుంటాం?"

రజిత పెన్సిలు ఆపి తలెత్తింది. "మమ్మీ, నానమ్మ ఎవ్రీ టైమ్ బాత్ చేసేది. హెయిర్ ఆల్వేస్ వెట్ లా."

"నువ్వు చదువుకోవే" అన్నారు కమలాదేవి, కొంచెం సిగ్గుపడుతూ. "పక్షి రెట్ట కదమ్మా మరి. ముట్టుకుని దేవుడి గూటి దగ్గరికి ఎలా వెళ్ళను? తోడు పెట్టిన రోజల్లా మళ్ళీ తలమీంచి పోసుకునేదాన్ని. ఈ ఏసీలో ఓసారి జలుబు చేసి వారం మంచమెక్కేను కూడా. నీకు చెప్పద్దన్నాను శీనుతో. గొప్ప చెప్పుకున్నట్టు ఉంటుందని."

మడి కట్టుకుని వంట చేసే మనిషి. గుడ్డు వండిన గిన్నె ఇంట్లోకి రానివ్వని మనిషి. అలాంటి ఆవిడ కోడలి కోసం నెలల తరబడి పెంగ్విన్ రెట్టకి తోడు పెట్టింది, ప్రతిసారీ తలస్నానం చేసింది. భువనకి ఇది గొప్ప విషయమని అర్థమైంది. ఎంత గొప్పదో కూడా అర్థమైంది. తనకి ఇంత ప్రేమ ఎవరూ చూపలేదని, ఆ ప్రేమే తన పనిని మొదలంటా పెకలించేసిందని, రెండూ ఒకేసారి తెలిశాయి. తెలిసి ఊరుకున్నాయి. లోపల ఏదీ కదల్లేదు.

"మంచి పని చేశారు అత్తయ్యా" అంది. ఆ మాట తన గొంతులోంచే వచ్చింది.

శ్రీనాథ్ వచ్చేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. గుమ్మం బయట, బూట్ల అర పక్కన వంగి లేసులు విప్పుకుంటున్నాడు. భువన బయటికొచ్చి ఇనుప గేటు దగ్గరికి వేసింది. ఆ అంతస్తు వరండాలో ఎవరూ లేరు. ఎవరింట్లోనో చేపలు వేగుతున్నాయి.

"అత్తయ్య సీసాల్ని ఫ్రిజ్‌లోంచి బయట పెట్టారని మీకు తెలుసా?"

అతను వంగినవాడు వంగినట్టే ఉండి, "తెలుసు" అన్నాడు.

"నాకు చెప్పలేదు."

"చెప్పడానికేముంది భువనా? నువ్వొచ్చేసరికి లైవ్‌లోనే ఉన్నాయి కదా. ఆ టైములో మాకు సైట్ లాంచ్. నేను ఇంటికొచ్చిందే తక్కువ. అమ్మ చూసుకుంటోంది, వాసన వస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నా." నిలబడ్డాడు. "ఏమైంది?"

"ఇంక్యుబేటర్‌లో పనిచేయలేదు."

"సెట్టింగ్ తప్పేమో చూశావా?"

"సెట్టింగ్ బాగానే ఉంది. నా దగ్గరున్నవి దీవి నుంచి తెచ్చినవి కావు."

శ్రీనాథ్ అర్థం కానట్టు చూశాడు. తెలివైనవాడే, కానీ అతని తెలివంతా తీగల్లో పారే రకం. "ఎందుకు కావు? ఆ సీసాలోంచి ఈ సీసాలోకి, దీంట్లోంచి ఇంకోదాంట్లోకి. బ్యాకప్ నుంచి బ్యాకప్ తీస్తే డేటా మారదు కదా."

"డేటాకి ఆకలెయ్యదు" అంది భువన. ఆవిడ గొంతులో విసురు లేదు, పాఠం చెబుతున్నట్టు చెప్పింది. "ఆ మట్టిలో వందల రకాలుంటాయి. నాకు కావలసినవి చలిలో నిదానంగా తినే రకం. రైస్ కుక్కర్ పక్కన పెడితే వాటికి జ్వరం వచ్చినట్టే. వేరే రకం లేస్తుంది. ఇవి ఒక ముద్ద తినేలోపు అది పది తింటుంది. గరిటెడు తీసినప్పుడు ఏది ఎక్కువుంటే అదే గరిటెలోకి వస్తుంది. మళ్ళీ తీస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. కొన్నాళ్ళకి నెమ్మదివి ఒక్కటీ మిగలవు. పైగా అన్ని సీసాలకీ ఒక్క సీసా నుంచే తోడు."

"కానీ అదే రెట్టని తింటున్నాయి కదా, వాసన అదే కదా."

"అత్తయ్య కాకినాడ నుంచి స్టీలు డబ్బాలో తోడు తెచ్చారు గుర్తుందా? ఇవాళ మనం తింటున్నది ఆ పెరుగేనా?"

"పెరుగు పెరుగే."

"అత్తయ్యని అడగండి, కాదంటారు."

శ్రీనాథ్ గోడకి ఆనుకున్నాడు. ఎదురు బ్లాకులో కిటికీ పైన రెండు మైనాలు కాట్లాడుకుంటున్నాయి. భువన అటు చూపించింది. "రెట్టని తినే బాక్టీరియా దీవిలోనే ఉంటుందని రూలేం లేదు. మైనా రెట్టలో ఉంటుంది, మన వంటింటి గాలిలో ఉంటుంది. కుక్కర్ పక్కన లేచింది దీవి నుంచి వచ్చిందో, మన కిటికీలోంచి వచ్చిందో నాకు తెలియదు. మార్చి నుంచి నేను మైనా సరుకు పెంచుకుంటున్నానేమో. సుధాకరరావు గారు దాని బొమ్మ వేయించి బ్రోచర్ కూడా కొట్టించారు."

నవ్వాల్సిన మాటే. ఇద్దరూ నవ్వలేదు.

"మళ్ళీ దీవికి వెళ్ళలేవా?"

"మూడో ఓడ ఎవరిస్తారు నాకు?"

శ్రీనాథ్ ఆవిడ ముఖం చూడకుండా అన్నాడు. "సీసాని ముందే వెచ్చగా ఉంచి, వాళ్ళు వచ్చే ముందు చలిలో పెడితే? వాసన అప్పటికే ఉంటుంది కదా."

"అది మోసం."

"అవును" అన్నాడు. వాదించలేదు. నిజానికి అతను కూడా అలసిపోయి ఉన్నాడు, ఆ లాబ్ గదిని ఖాళీ చేయించి మళ్ళీ సర్వర్లు పెట్టాల్సింది తనేనని అతనికీ తెలుసు. "సరే, అయితే ఇప్పుడే చెప్పెయ్ ఆయనకి. లేటైన కొద్దీ ఇంకా గొడవ." హ్యాండ్‌ఫోన్ తీసి నంబరు నొక్కుతూ ఆగాడు. "ఒక్కటి మాత్రం. అమ్మకి చెప్పకు. ఇలా జరిగిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. ఆవిడ దృష్టిలో నువ్వు తిరిగొచ్చింది ఆ సీసాల వల్లే."

"ఆవిడకి చెప్పకుండా ఆయనకి ఎలా చెప్పను? సీసాలు ఎవరు చూశారని మొదట అడిగేది అదే."

"నేను చూశానని చెప్పు. తప్పు నాదే. నిజంగా నాదే కదా."

భువన అతని వంక చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో శ్రీనాథ్ ఒక తప్పు తన మీద వేసుకోవడం ఆవిడ చూడటం ఇదే మొదలు. ఇంకో రోజైతే ఆవిడకి కళ్ళు చెమర్చేవి. ఆ చెయ్యి పట్టుకునేది. ఇవాళ తలూపి ఫోను అందుకుని మిగిలిన అంకెలు నొక్కింది. చెప్పాల్సిన మాట సిద్ధంగానే ఉంది, చాలా చిన్నది. నా దగ్గర ఆ బాక్టీరియా లేదు అంకుల్. అంతే. ఆ తరవాత లాబ్ పోతుంది, సర్వర్లు వస్తాయి, తను ఏదో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసుకుంటుంది. అదేమీ ఆవిడని భయపెట్టడం లేదు.

అటువైపు ఫోను మోగుతోంది. ఇటువైపు ఇనుప గేటు కిర్రుమంది.

కమలాదేవి గేటు తీసుకుని వచ్చి నిలబడ్డారు. ఎంతసేపటి నుంచి తలుపు వెనక ఉన్నారో తెలియదు. ఒక చేత్తో గేటు ఊచని పట్టుకుని ఉన్నారు.

"సీసాలు పాడయ్యాయా భువనా?" అన్నారు. "మీ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. తోడు అన్నావు, కుక్కర్ అన్నావు. నేనేవన్నా పాడు చేసేనా?"

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాడు శ్రీనాథ్.

"నువ్వాగరా. దాన్ని చెప్పనీ." ఆవిడ కళ్ళు కోడలి ముఖం మీంచి కదల్లేదు. "చెప్పు తల్లీ. నేను చంపేసేనా వాటిని?"

అప్పుడే ఫోనులో సుధాకరరావు గారు హలో అన్నారు, 'నేను భువనని' అనగానే ఆయన గొంతు హుషారుగా పలికింది. ఇరవై ఏళ్ళుగా సింగపూర్‌లో ఉన్నాయన, ఎవరు ఫోన్ చేసినా ముందు తిండి గురించే అడుగుతారు. "ఆఁ, భువనా, మకాన్ అయిందా అమ్మా? ఏంటి సంగతి, అంతా రెడీయేనా? బాక్టీరియా బతికే ఉందా?"

రెండు చెవుల్లో రెండు ప్రశ్నలు పడ్డాయి, రెండింటికీ కలిపి భువన నోట ఒక్కటే జవాబు రాగలదు. ఫోనులో నిజం చెబితే ఎదురుగా నిలబడ్డ మనిషి వింటుంది. ఇన్నాళ్ళూ తలారా నీళ్ళు పోసుకుని తను కాపాడింది దేన్నో, పారబోసింది దేన్నో ఆవిడకి ఈ వరండాలోనే తెలిసిపోతుంది. ఈ మధ్య భువనకి ఏదీ అనిపించడం లేదని చెప్పాను కదా. ఆ ముఖం చూస్తుంటే మాత్రం అనిపించింది. భయం అనిపించింది. లాబ్ పోతుందని కాదు, ఆ ముసలావిడ తన కళ్ళ ముందే కూలిపోతుందని.

"బతికే ఉంది అంకుల్" అంది.

శ్రీనాథ్ తల దించుకున్నాడు.

"చాలా బాగా పనిచేస్తోంది. పాడవలేదు, ఏమీ కాలేదు." అత్తగారి కళ్ళలోకి చూస్తూ చెప్పింది ఆ మాటలు.

కమలాదేవి ఊచ మీంచి చెయ్యి తీశారు. ఒక్క నిట్టూర్పు విడిచి, కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"నాకు తెలుసమ్మా నువ్వు నిలబెడతావని" అంటున్నారు సుధాకరరావు గారు. "విను మరి, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా నీకు. వాళ్ళు ఇవాళ మధ్యాహ్నమే దిగేశారు. శుక్రవారం దాకా ఎందుకు, రేపే చూస్తామంటున్నారు. ఇంకో మాట, ఒక సీసా తమతో తీసుకెళ్ళి వాళ్ళ లాబ్‌లో కూడా పెట్టి చూసుకుంటారట. నువ్వు ఓడలో ఉన్నన్నాళ్ళూ వీటిని ఎవరు చూశారు, ఎక్కడ పెట్టారు, ఏం తినిపించారు, అదంతా వివరంగా చెప్పాలిట. మామూలు ఫార్మాలిటీ."

"రేపా?" అంది భువన. "ఎవరు చూశారో చెప్పాలా?"

"అవునమ్మా. పది గంటలకల్లా వచ్చెయ్. శ్రీనాథ్‌ని కూడా రమ్మను" అని ఆయన పెట్టేశారు.

భువన ఫోను మొగుడి చేతికిచ్చింది. అతను దాన్ని జేబులో పెట్టుకోవడం మరిచిపోయి అలాగే పట్టుకుని ఉన్నాడు. ఇద్దరిలో ఎవరూ మాట్లాడకముందే కమలాదేవి అడిగారు.

"రేపు చూడ్డానికొస్తున్నారా వాళ్ళు? ఎవరు పెంచేరని అడుగుతున్నారా?"

ఆవిడకి జవాబు అక్కర్లేకపోయింది. ముఖం అప్పటికే తేటపడింది, గొంతులోకి ఇందాకటి హుషారు తిరిగొచ్చింది.

"అయితే నేనూ వస్తాను. ఎలా బతికించేనో మొదట్నుంచీ చెబుతాను వాళ్ళకి. నేను తెలుగులో చెబుతుంటే నువ్వు ఇంగ్లీషులో చెప్పరా శీనూ, ఒక్క ముక్క వదలకుండా."